నడకకు వారం లెక్క



జనవరి ఒకటో తేదీన తెలుగు ఊళ్లలో పార్కులన్నీ కిటకిటలాడతాయి. కొత్త బూట్లు, కొత్త ట్రాక్ ప్యాంట్లు, చేతికి అడుగులు లెక్కపెట్టే కొత్త వాచీ. భోగి మంటల నాటికి జనం పలచబడతారు. కనుమ దాటేసరికి మళ్లీ పాత ముఖాలే మిగులుతాయి. మెడకు మఫ్లర్ చుట్టుకుని, చొక్కా జేబులో చిన్న ట్రాన్సిస్టర్ వేసుకుని, ఏళ్ల తరబడి అదే వేళకు అదే దారిన నడిచే నలుగురైదుగురు. కొత్త బూట్లు మాత్రం చెప్పుల స్టాండులో అడుగు అరకు చేరతాయి.

పాతవాళ్లు నిలబడటానికీ కొత్తవాళ్లు జారిపోవడానికీ కారణం పట్టుదలలో తేడా అనుకుంటారు చాలామంది. ఆ పాతవాళ్లను కదిపి చూస్తే సంగతి వేరేగా ఉంటుంది. "రోజుకు ఎన్ని అడుగులు వేస్తారండీ?" అని అడిగితే నవ్వేస్తారు. "ఏమో బాబూ, ఎవరు లెక్కపెట్టారు? సోమ, బుధ, శుక్రవారాలు చెరువు గట్టు. గురువారం బాబా గుడి దాకా. ఆదివారం రైతుబజారుకు నడిచే వెళ్తాను. వచ్చేటప్పుడు సంచి బరువు కదా, ఆటో" అంటారు. అడుగుల లెక్క వాళ్ల దగ్గర లేదు. వారం లెక్క ఉంది. ఈ పూట చెప్పుకునేది ఆ వారం లెక్క గురించే.

ముందు అడుగుల లెక్క ఎక్కడ పుట్టిందో చూద్దాం. రోజుకు పదివేల అడుగులు అన్న మాట ఏ డాక్టరు చీటీలోంచీ రాలేదు. 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. జపాన్‌లో వ్యాయామం మీద మోజు పెరిగింది. మరుసటి ఏడాది, 1965లో, యమాసా అనే గడియారాల కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు ఒకటి అమ్మకానికి పెట్టింది. దాని పేరు మాన్పో-కే. మాన్ అంటే పదివేలు, పో అంటే అడుగులు, కే అంటే కొలిచే సాధనం. పదివేలకు జపనీయులు రాసే అక్షరం కాళ్లు చాచి నడుస్తున్న మనిషిలా కనిపిస్తుందని కూడా అంటారు. పలకడానికి బాగుంది, గుండ్రటి అంకె, గుర్తుండిపోతుంది. అరవై ఏళ్లు తిరిగేసరికి అదే అంకె ప్రపంచమంతటా ఫోన్లలోకి, వాచీల్లోకి ఎక్కింది. హైదరాబాద్‌లో ఒక ఐటీ ఉద్యోగి రాత్రి పదకొండున్నరకు హాల్లో సోఫా చుట్టూ గిరగిరా తిరుగుతున్నాడంటే, మిగిలిపోయిన ఎనిమిది వందల అడుగులు పన్నెండులోపు పూర్తి చేస్తున్నాడన్నమాట.

ఆ అంకెను పరీక్షకు పెట్టడం చాలా ఆలస్యంగా జరిగింది. హార్వర్డ్‌కు చెందిన ఐ-మిన్ లీ బృందం 2019లో ఒక అధ్యయనం ప్రచురించింది. అందులో పాల్గొన్నవారు 16,741 మంది మహిళలు. సగటు వయసు 72 ఏళ్లు. రోజుకు 2,700 అడుగుల దగ్గర ఆగిపోయేవారితో పోలిస్తే, 4,400 అడుగులు వేసేవారిలో ఆ నాలుగేళ్ల పైచిలుకు కాలంలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాకా మేలు పెరుగుతూ వచ్చింది. ఆ పైన ఎంత నడిచినా ఇంచుమించు అంతే. పదివేలు తన వల్ల కాదని బూట్లు విప్పేసిన బామ్మగారికి ఈ కబురు ఎవరైనా చెప్పాలి.

నడక గుండెకు మంచిదని ఇవాళ అందరూ ధీమాగా చెబుతున్నారు. ఆ ధీమాకు పునాది పడింది లండన్ సిటీ బస్సుల్లో. జెరీ మోరిస్ అనే వైద్య పరిశోధకుడు అక్కడి రవాణా సంస్థ ఉద్యోగుల ఆరోగ్య రికార్డులు తిరగేసి, 1953లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించాడు. అక్కడివి డబుల్ డెక్కర్ బస్సులు. హైదరాబాద్‌లో ఒకప్పుడు తిరిగిన డబుల్ డెక్కర్ ఎక్కినవారికి ఆ ఇరుకు మెట్లు గుర్తుండే ఉంటాయి. డ్రైవరు డ్యూటీ అంతా సీట్లోనే. కండక్టరు టికెట్లు కొడుతూ కిందికీ పైకీ. ఒక్క రోజులో అయిదు వందల నుంచి ఏడు వందల యాభై మెట్లు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే దారి, ఒకే తరహా బతుకు. అయినా డ్రైవర్లకన్నా కండక్టర్లలో గుండె జబ్బు బాగా తక్కువ.

అసలు లావుగా ఉండేవాళ్లే డ్రైవర్లుగా చేరుతున్నారేమో అన్న అనుమానం వచ్చింది. మోరిస్ ఏం చేశాడంటే, ఉద్యోగులకు కుట్టించిన యూనిఫాంల కొలతలు తెప్పించాడు. నిజమే, డ్రైవర్ల ప్యాంట్ల నడుము కొలత ఎక్కువగానే ఉంది. అయితే సన్నటివారైనా, బొద్దుగా ఉన్నా, కండక్టర్ల గుండెకు రక్షణ ఉందని తర్వాత తేలింది. ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్లను, కూర్చుని పనిచేసే ఆఫీసు ఉద్యోగులతో పోల్చినా అదే కథ. మోరిస్ 2009లో, నూరేళ్లకు కాస్త ముందు, కన్నుమూశాడు.

ఆ కండక్టర్లెవరూ వ్యాయామం కోసం మెట్లెక్కలేదు. వాళ్ల పనిలోనే అది కలిసిపోయింది. డ్యూటీ ఉన్న రోజు మెట్లు తప్పవు.

ఒంట్లో జరిగేది కూడా సూటిగానే ఉంటుంది. నడిచేటప్పుడు పిక్కలూ తొడలూ పనిచేస్తాయి. పనిలో ఉన్న కండరం రక్తంలోని చక్కెరను ఇన్సులిన్ కోసం కాచుకుని కూర్చోకుండా లోపలికి లాక్కుంటుంది. అందుకే భోజనం అయ్యాక పది, పదిహేను నిమిషాలు తిరిగితే చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. తిన్నాక నూరడుగులు వేయమని ఇళ్లలో పెద్దలు చెప్పే మాట ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. మన దేశంలో మధుమేహం ఉన్నవారు పది కోట్లు దాటారని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం లెక్కగట్టింది. మూడు పూటలా అన్నమో టిఫినో తిని కుర్చీకి అతుక్కుపోయే ఊళ్లకు నూరడుగుల మాట చిన్నదేమీ కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సవరించిన సూచనలను జాగ్రత్తగా చదివితే ఒక సంగతి కనబడుతుంది. పెద్దవాళ్లు ఓ మోస్తరు శ్రమ 150 నుంచి 300 నిమిషాలు చేయాలంటుంది ఆ సంస్థ. అది రోజుకు కాదు, వారానికి. పది నిమిషాలకు తగ్గితే లెక్కలోకి రాదన్న పాత నియమాన్ని కూడా తీసేసింది. సందు చివర కొట్టుకు వెళ్లొచ్చిన ఆరు నిమిషాలు కూడా జమే. ఓ మోస్తరు అంటే ఎంత? డాక్టర్లు ఒక తేలిక కొలత చెబుతారు. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. నడకలో ఘంటసాల పద్యం హాయిగా ఎత్తుకోగలుగుతున్నారంటే కొంచెం వేగం పెంచవచ్చు.

వారం లెక్కతో నడిచినవారిలో అందరికీ తెలిసినవాడు గాంధీజీ. 1888లో లా చదువుకు లండన్ చేరిన ఆ కుర్రవాడు బండి ఛార్జీలు మిగలబెట్టుకోవడానికి రోజుకు ఎనిమిది, పది మైళ్లు నడిచేవాడు. ఇంగ్లండులో ఉన్నన్నాళ్లూ జబ్బు పడకుండా కాపాడింది ఆ నడకే అని ఆత్మకథలో రాసుకున్నారు. 1910లో దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ ఫారం పెట్టినప్పుడు ఆ అలవాటు అందరికీ నియమమైంది. ఫారం నుంచి జొహానెస్‌బర్గ్ 21 మైళ్లు. ఫారం పని మీదైతే రైలెక్కవచ్చు. సొంత పని మీదైతే నడిచే వెళ్లాలి. వెళ్లేవాళ్లు తెల్లవారుజామున రెండింటికి లేచి బయల్దేరేవారు. ఆరేడు గంటల దారి. ఒకరు నాలుగు గంటల పద్దెనిమిది నిమిషాల్లో చేరారని గాంధీజీ మురిసిపోతూ రాశారు. వెంట మూటలో ఇంట్లో తిరగలి పట్టిన పొట్టు గోధుమ పిండితో చేసిన రొట్టెలు, వేరుశనగ వెన్న, ఇంట్లోనే చేసిన నారింజ తొక్కల మార్మలేడ్. బజారులో తినడానికి దమ్మిడీ ఖర్చు లేదు.

అంత నడిచే మనిషి వారానికో రోజు ఆగేవారు. సోమవారం మౌనం. 1930 మార్చి 12న సబర్మతి నుంచి దండికి ఉప్పు సత్యాగ్రహ యాత్ర బయల్దేరేనాటికి ఆయనకు అరవై దాటాయి. సుమారు 385 కిలోమీటర్లు, 24 రోజులు. దేశమంతా కళ్లప్పగించి చూస్తోంది, ప్రభుత్వం ఎప్పుడు అరెస్టు చేస్తుందో తెలియదు. అయినా దారిలో వచ్చిన మూడు సోమవారాలూ నడక లేదు, మాట లేదు. ఆ యాత్రలో ఆంధ్ర ప్రాంతం నుంచి నడిచిన యువకుడు ఎర్నేని సుబ్రహ్మణ్యానికి కూడా ఆ మూడు రోజులూ కాళ్లకు విశ్రాంతే.

ఆ సోమవారం ఎంత గట్టిదో 1947 జూన్ 2న తేలింది. దేశాన్ని రెండుగా చేసే ప్రణాళిక చేతపట్టుకుని, గాంధీజీ ఏమంటారోనన్న గుబులుతో వైస్రాయ్ మౌంట్‌బాటన్ ఎదురుచూస్తున్నారు. గాంధీజీ వచ్చారు, కూర్చున్నారు, నోటికి వేలు అడ్డం పెట్టి చూపించారు. ఆ రోజు సోమవారం. చెప్పదలచుకున్నది వాడేసిన పాత కవర్ల వెనక, చిన్న పెన్సిల్‌తో రాసి అందించారు. వైస్రాయ్ ఆ కాగితం ముక్కలను పారేయకుండా దాచుకున్నారు. దేశం చీలిపోయే వారంలో కూడా తన వారం తప్పనివ్వలేదు ఆ మనిషి.

ఆయన శిష్యుడు వినోబా నడక తెలంగాణ గడ్డ మీద మరో మలుపు తిరిగింది. 1951లో హైదరాబాద్ దగ్గరి శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. వినోబా వార్ధా దగ్గరి తన ఆశ్రమం నుంచి నడుచుకుంటూ వచ్చారు. సభ ముగిశాక నల్గొండ జిల్లా పల్లెల్లోకి నడిచారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో ఆగారు. దళితవాడకు వెళ్తే అక్కడివాళ్లు ఎనభై ఎకరాల భూమి ఇప్పించమని అడిగారు. సాయంత్రం సభలో ఆ మాట ఎత్తగానే వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. భూదానం అలా మొదలైంది, ఊరు భూదాన్ పోచంపల్లి అయింది. జీపులో వచ్చే మనిషిని ఆపి గోడు చెప్పుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలదు. నడిచి వచ్చినవాడు గుమ్మం ముందు నిలబడతాడు, మంచినీళ్లు అడుగుతాడు, మాట కలుస్తుంది. రోజూ నడిచేవాళ్లకు కాలనీలో ఎవరింట్లో ఎవరికి బాగాలేదో ముందు తెలిసేది కూడా అందుకే.

ఆ మాటకొస్తే వారం పద్ధతి తెలుగువాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. శనివారం ఒంటిపూట, సోమవారం శివాలయం, ఆదివారం తలంటు. ఒక రోజు కడుపుకు సెలవు, ఒక రోజు ఒంటికి నూనె. పల్లెల్లో సంత కూడా వారానికే. అరకు, పాడేరు కొండల్లో గిరిజనులు ఇప్పటికీ కాలిబాటన సంతకు దిగి వస్తారు. తెచ్చిన పసుపో చింతపండో అమ్ముకుని, ఉప్పూ ఎండుచేపలూ కొనుక్కుని, చుట్టాలను పలకరించి, సాయంత్రానికి మళ్లీ కొండెక్కుతారు. ఆ ఒక్క రోజులో బేరం, నడక, బంధుత్వం మూడూ జరిగిపోతాయి. పట్నం వచ్చాక మనవాళ్లు ఆ మూడింటినీ విడదీశారు. సరుకులు ఫోన్‌లో, పలకరింపు వాట్సాప్‌లో, నడక ట్రెడ్‌మిల్ మీద.

ఏడాదికోసారి మాత్రం ఎక్కడలేని ఊపు వస్తుంది. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. అరుణాచలం గిరివలం 14 కిలోమీటర్లు. వీధి చివరి పాలబూత్‌కు స్కూటర్ తీసేవారు కూడా వీటికి సై అంటారు. దేవుడి దయ వల్ల కొండ ఎక్కుతారు. ఆ తర్వాత వారం రోజులు మోకాళ్లకు జండూబామ్. నెల ముందు నుంచి వారానికి మూడు నాలుగు రోజులు నడిచినవారికి ఆ బామ్ ఖర్చు మిగులుతుంది.

ఇక ఇంటి సంగతి. రోజూ పొద్దున్నే పార్కులో కనిపించే పెద్దమనుషుల్లో చాలామంది ఇంటికొచ్చేసరికి ఫిల్టర్ కాఫీ సిద్ధంగా ఉంటుంది. ఆ కాఫీ పెట్టిందెవరు? ఆవిడ ఎప్పుడు నడుస్తుంది? "ఇంట్లో పొద్దస్తమానం నడుస్తూనే ఉన్నాను కదా, ఇంకా వేరే నడకా?" అంటుంది ఆవిడ. అదీ నిజమే, ఇంటి పని కూడా శ్రమే అని ప్రపంచ ఆరోగ్య సంస్థే ఒప్పుకుంది. అయితే వంటింటికీ పెరటికీ మధ్య తిరిగే తిరుగుడులో కుక్కరు కూతలు లెక్కపెట్టుకోవాలి, పాలు పొంగకుండా చూసుకోవాలి. ఎవరూ పిలవని అరగంట అందులో దొరకదు. కాబట్టి వారం పంచుకోవాలి. మంగళ, గురు, శనివారాలు కాఫీ, పిల్లల క్యారేజీ ఆయన చూసుకుంటే ఆవిడ బయటికి వెళ్తుంది. నిదానంగా బతకడం అనే మాట ఇంట్లో ఒక్కరికే దక్కితే, మిగతావాళ్లు రెట్టింపు పరుగెత్తుతున్నారనే లెక్క.

వీధుల తంటా వేరే ఉంది. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన టిఫిన్ బండి, దాని పక్కన పార్కింగ్ చేసిన బైకులు. తెల్లవారుజామున వీధికుక్కల కోసం చేతిలో కర్ర. ఏప్రిల్ వస్తే ఏడింటికే ఎండ చురుక్కుమంటుంది. నడవమని చెప్పడం తేలిక, నడిచే చోటు చూపించడమే కష్టం.

ఆ చోటును వారం లెక్కన సంపాదించిన ఊళ్లున్నాయి. కొలంబియా రాజధాని బొగొటాలో 1974 నుంచి ఆదివారాలు, సెలవు రోజుల్లో పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా 120 కిలోమీటర్లకు పైగా రోడ్ల మీద కార్లను ఆపేస్తారు. లక్షల మంది సైకిళ్ల మీద, కాలినడకన రోడ్డెక్కుతారు. విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున కొంతసేపు వాహనాలు ఆపే ఏర్పాటుంది. సముద్రం హోరు తప్ప హారన్ మోత ఉండదు. హైదరాబాద్‌లో 2021 ఆగస్టు చివర్లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపి 'సండే ఫన్‌డే' మొదలుపెట్టారు. కారులో వెళ్లేవారికి ట్యాంక్‌బండ్ మీది విగ్రహాలు వరసగా దాటిపోయే నల్లటి ఆకారాలు. నడిచి వెళ్తే ఒక్కో దిమ్మె దగ్గర ఆగి పేరు చదవవచ్చు. మొల్ల, వేమన, క్షేత్రయ్య, గురజాడ, జాషువా. "నాన్నా, ఈయనెవరు?" అని పిల్లలు అడుగుతారు. కవుల సంగతి మరిచిపోయిన తండ్రికి ఆ సాయంత్రం కాస్త ఇబ్బందే.

నడకలోని ఈ నిదానం ఒక ఉద్యమమైంది కూడా జనం నిరసనగా నిలబడ్డ చోటే. 1986లో రోమ్ నగరంలో స్పానిష్ మెట్ల దగ్గర మెక్‌డొనాల్డ్స్ హోటల్ రావడాన్ని కార్లో పెత్రీని, అతని స్నేహితులు నిరసించారు. అందులోంచి స్లో ఫుడ్ ఉద్యమం వచ్చింది, నత్త దాని గుర్తు. 1999లో ఇటలీలోనే కొన్ని చిన్న పట్నాలు తమను తాము నిదానపు పట్నాలుగా ప్రకటించుకున్నాయి. తెలుగు ఇంట్లో ఆ నత్తకు సరిజోడు రోలు. గోంగూర కాడలు తుంచి, ఆకు కడిగి ఆరబెట్టి, నూనెలో మగ్గబెట్టి, ఎండుమిర్చీ వెల్లుల్లీ పొత్రంతో నూరుతుంటే ముప్పావు గంట పడుతుంది. మిక్సీలో మూడు నిమిషాలు. రోజూ రోలు తిప్పే తీరిక ఎవరికీ లేదు, అక్కర్లేదు కూడా. ఆదివారం పొద్దున రైతుబజారుకు నడిచి వెళ్లి తెచ్చిన గోంగూర ఆ ఒక్క పూట రోట్లో పడితే చాలు. ఉల్లిపాయ ముక్క నంజుకుంటూ వేడన్నంలో కలుపుకునేటప్పుడు మిక్సీ పచ్చడికీ దీనికీ తేడా నాలుకే చెబుతుంది.

ఇప్పుడు ఒక మామూలు ఇంటి వారం ఎలా ఉండవచ్చో చూద్దాం. నాలుగు రోజులు అరగంట చొప్పున నడక, ఇంట్లో ఇద్దరికీ వంతులు. ఆదివారం సంచీ పట్టుకుని బజారుకు. ఒక పూట ఫోన్ ఇంట్లోనే వదిలేయడం, దాన్ని సోమవారం మౌనానికి చిన్న తమ్ముడనుకోవచ్చు. రాత్రి భోజనమయ్యాక మేడ మీద నాలుగు చుట్లు. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు ఉన్నవారు వేగం ఎంతో డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. చుట్టాలు వచ్చినా వాన పడినా ఒక రోజు పోతుంది. పోనివ్వండి, వారం పెద్దది.

వంటింటి గోడ మీది క్యాలెండరులో పాల ప్యాకెట్ల లెక్కా, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకుంటాం. నడిచిన రోజున అదే గడిలో ఒక టిక్కు పెట్టండి. టిక్కుకు అరగంట. అయిదు టిక్కులు పడితే 150 నిమిషాలు పూర్తయినట్టే. శనివారం రాత్రికి నాలుగే ఉన్నాయా, గోంగూరకు ఎలాగూ రైతుబజారుకు వెళ్లాలి.